గడప దాటిన ఘనులు

ఆ వేసవిలో మా అక్కను ఊరు ఊరంతా నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లకు శ్రీకారం చుట్టింది నేనే. నేను రాసింది ఆమె గురించే అని అప్పుడు నాకు తెలియదు. తెలియదు, తెలియదు అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా మనసు ఊరుకోదు గానీ, చెప్పడం మొదలుపెట్టాక దాచి లాభమేముంది?

నేను ఓ పత్రికలో సబ్ ఎడిటర్ని. ఊరి వార్తల పేజీలు రెండు నా చేతి మీదుగా వెళ్ళేవి. లాక్‌డౌన్ పెట్టిన రెండో వారానికి మా ఆఫీసు మూసేసి, ఎవరి కంప్యూటర్ వాళ్ళ ఇంటికి పంపేశారు. మాది మూడో అంతస్తులో రెండు గదులు, ఓ చిన్న హాలు. ఒక గది నాకూ నా భార్యకూ, రెండోది అక్కకు. ఇక పత్రికకు చోటెక్కడ? హాల్లో ఇస్త్రీ బల్ల వేసి దాని మీద కంప్యూటర్ పెట్టుకున్నాను. ఇస్త్రీ బల్ల మీద తయారయ్యే వార్తల్లో మడతలుండవు లెండి అని నా భార్య వెక్కిరించేది.

మా డెస్క్ ఇన్‌ఛార్జిని అందరం చాటుగా కత్తెర సార్ అనేవాళ్ళం. ఎంత పెద్ద వార్త ఇచ్చినా సగానికి కోసి పారేసే మనిషి. అలాంటి మనిషికి ఆ రోజుల్లో కోయడానికి వార్తే కరువైంది. రిపోర్టర్లు ఇల్లు కదలరు, ప్రకటనలు రావు, పేజీలు మాత్రం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. అప్పుడు నా బుర్రలో ఓ ఆలోచన మెరిసింది. నిబంధనలు తప్పి తిరిగేవాళ్ళ ఫొటోలు పాఠకులనే పంపమందాం సార్, మొహం మసక చేసి వేద్దాం, జనం ఎగబడి చూస్తారు అన్నాను. ఆయన పేరేమిటని అడిగాడు. ‘గడప దాటిన ఘనులు’ అన్నాను. ఒక్క అక్షరం కూడా కోయకుండా ఒప్పుకోవడం నా ఉద్యోగంలో అదే మొదలు.

అప్పట్లో మా ఊరికి పెట్టిన నిబంధన ఇది. వ్యాయామం చేసుకోవాలంటే ఇంటికి కిలోమీటరు లోపు, అరగంట. బండెక్కి ఎక్కడికో పోయి నడవకూడదు, పరుగెత్తకూడదు. మొదటి రోజు ఏడు ఫొటోలు వచ్చాయి. వారం తిరిగేసరికి రోజుకు రెండు వందలు. మా ఊళ్ళో ఇంతమంది ఫొటోగ్రాఫర్లున్నారని, అందరికీ ఇన్ని కిటికీలున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఉద్యోగం పోయినవాళ్ళు, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు, ఉత్తి పుణ్యానికే ఒళ్ళు మండేవాళ్ళు, అందరికీ కోపం వెళ్ళగక్కడానికి ఓ చోటు దొరికింది. ఆ చోటు నా పేజీ. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉండేది.

ఆ పనిలో నాదో పద్ధతి ఉండేది. పత్రిక నియమం ప్రకారం చెరపాల్సినవి రెండే రెండు: మొహం, బండి నంబరు. ఫొటో తెరవగానే మొహం మాత్రమే కంప్యూటర్ నిండా కనిపించేంత పెద్దది చేసేవాణ్ణి. దాని మీద మసక పూసి, నంబరు దగ్గరికి జరిగి, అక్కడా పూసి మూసేసేవాణ్ణి. ఫొటోకు అర నిమిషం. పంపినవాళ్ళు రాసిన రెండు ముక్కలు చదివి, కింద ఓ చురక వేసేవాణ్ణి. ఫొటో మొత్తాన్ని ఓసారి తేరిపార చూడటమనేది నా పద్ధతిలో లేదు. చూడాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. ఓ ప్రైవేటు బడిలో డ్రిల్ టీచరు. పెళ్ళి చేసుకోలేదు. నాకు తల దువ్వి, ఎక్కాలు చెప్పి, అవసరమైనప్పుడు వీపు విమానం మోత మోగించి పెంచింది ఆమే. కాలు ఒక చోట నిలవదు. మాట మాత్రం పొదుపు. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. మా ఇంటికి ఎవరైనా కూర తెచ్చిచ్చి ఎలా ఉందని అడిగితే నా భార్య ఆమెను వంటగదిలోకి పంపేసేది, మొహం మీదే ఉప్పెక్కువైందని చెప్పేస్తుందని భయం.

లాక్‌డౌన్ మొదట్లో అక్క మేడ మీద నడిచేది. అక్కడ రెండు కుటుంబాలు దూరం పాటించలేదని కొట్టుకునేదాకా వచ్చేసరికి అపార్ట్‌మెంట్ కార్యదర్శి గారు మేడకు తాళం వేసేశాడు. తర్వాత వరండాలో నడిచింది. చప్పుడవుతోందని పక్కింటివాళ్ళు అన్నారు. వీధిలోకి దిగితే ప్రతి కిటికీలోంచీ ఎవరో ఒకరు ఫోను ఎత్తి చూసేవారు. ఇక గదిలోనే మంచానికీ బీరువాకూ మధ్య తిరిగేది. కొన్నాళ్ళకు ఆ అడుగుల చప్పుడు వినపడటం మానేసింది. నేను లేచేసరికి తొమ్మిది. అప్పటికి ఆమె స్నానం కూడా చేసి, బాల్కనీలో ఫోను నిలబెట్టి పిల్లలకు వీడియోలో కసరత్తులు చెప్పే ఏర్పాట్లలో ఉండేది. నడిచొచ్చావా అక్కా అంటే నడిచొచ్చానురా అనేది. ఎక్కడ అని నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదే.

ఆ ఫొటో వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బాల్కనీలో అక్క ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క పెడుతోంది. ఫోనులో ముప్పై రెండు గళ్ళలో ముప్పై రెండు మంది పిల్లలు చేతులు పైకెత్తి దించుతున్నారు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చుని ఆ రోజు ఘనుల్ని ఏరుతున్నాను. ఓ ఆడమనిషి మొహం, మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది, వెలుగు వెనక నుంచి పడి అంతా నీడే. మసక పూశాను. స్కూటర్ నంబరు మీద, అంకెలు చదవకుండానే, పూశాను. పంపినతను రాసిందేమంటే: ఊరవతల రిజర్వాయర్ కట్ట, పద్నాలుగు కిలోమీటర్లు, రోజూ వస్తోంది. నేను కింద ఇలా రాశాను: ‘కాళ్ళకు పని చెప్పడానికి పద్నాలుగు కిలోమీటర్లు బండికి పని చెప్పిన మహాతల్లి. ఈమె నడక కోసం మన ప్రాణాలు నడివీధిలో.’

బాగా కుదిరిందనిపించి నా భార్యను పిలిచి చదివి వినిపించాను. ఆమె నవ్వి, మళ్ళీ నవ్వు ఆపుకుని, పాపం ఏమీ తోచక వెళ్ళుంటుంది లెండి అంది. మనకు తోస్తోందేమిటి అన్నాను. బాల్కనీలో లెక్క నాలుగు దాటి మళ్ళీ ఒకటికి వచ్చింది.

మర్నాడు పదింటికి కార్యదర్శి గారు తలుపు కొట్టాడు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగి, చెయ్యి చాచి ఫోను నా మొహం ముందు పెట్టాడు. నా పేజీయే. కాకపోతే ఫొటో మొత్తం కనిపిస్తోంది. కట్ట మీద రాతి బల్ల. దాని మీద ఓ కాలు పెట్టి, రెండు చేతులూ నడుముకు ఆనించి నిలబడిన మనిషి. ఆకుపచ్చ ట్రాక్ సూటు, చేతుల మీద మూడేసి పసుపుపచ్చ చారలు. ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో ఆ చారలు తెలియనివాళ్ళెవరు? పక్కన నా స్కూటరే ఉంది. అద్దానికి నేను చుట్టిన నల్ల టేపుతో సహా.

వెనక్కి తిరిగి చూస్తే ఆ ట్రాక్ సూటు బాల్కనీలో తీగ మీద ఆరుతోంది.

అక్క గదిలోంచి వచ్చి ఫోను చూసింది. ఎవరో అని గానీ నేను కాదని గానీ అనలేదు. కార్యదర్శి గారు అరవలేదు. అరిచి ఉంటే నయం, ఎదురు చెప్పడానికి వీలుండేది. ఆయన అన్నయ్య పదిహేను రోజుల కిందటే ఆసుపత్రిలో పోయాడు. ఆయన ఎంత బతిమాలినా వెళ్ళడానికి పాస్ ఇవ్వలేదు.

“మా అన్నయ్యను ఆఖరిసారి చూసుకోవడానికి ఇరవై కిలోమీటర్లు వెళ్ళనివ్వలేదమ్మా నన్ను. నేనూ వెళ్ళలేదు. రూలంటే రూలే కదా అనుకున్నాను. నువ్వు నడవడానికి పద్నాలుగు వెళ్ళావు” అన్నాడు.

“తప్పేనండీ. ఇక వెళ్ళను” అంది అక్క.

ఆయన ఇంకేదో అనబోయి మానేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తలుపు మూశాక హాల్లో మేం ముగ్గురం నిలబడ్డాం. ఇస్త్రీ బల్ల మీద కంప్యూటర్ తెరిచే ఉంది. అక్క దాని వంక చూసింది.

“నువ్వే రాశావు కదూ?”

“నువ్వని తెలియదక్కా.”

“ఫొటో చూశావుగా.”

నా పద్ధతంతా చెప్పాను. మొహం ఎలా పెద్దది చేస్తానో, మిగతాది చూడనక్కర్లేకుండా పని ఎలా అయిపోతుందో. చెబుతున్నకొద్దీ ఆ పద్ధతి ఎంత రోతగా ఉందో నాకే వినిపించింది. ఆమె మాత్రం బళ్ళో పిల్లవాడు ఆలస్యానికి కారణం చెబుతుంటే విన్నట్టు ఓపిగ్గా వింది. అయితే నా మొహమే చూశావన్నమాట, అది మాత్రం దగ్గర్నుంచి చూశావు అంది.

ఎందుకెళ్ళావక్కా అని నా భార్య తరఫున కూడా నేనే అడిగాను. ఒంట్లో ఏమైనా బాగా లేదా, మాకు చెప్పకుండా దాస్తున్నావా అని గుచ్చి గుచ్చి అడిగాను. నిజానికి ఏదో ఒక జబ్బు ఉందని ఆమె చెబితే బాగుండునని ఆ క్షణంలో నా మనసు కోరుకుంది. ఇంత నీచమైన కోరిక నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

“ఏమీ లేదురా. మళ్ళకుండా నడవాలనిపించింది. ఇక్కడ ఎటు నడిచినా పది అడుగులకు గోడ. వెనక్కి తిరగాలి. ఆ కట్ట మీదైతే మూడు కిలోమీటర్లు మళ్ళక్కర్లేదు. అంతే” అంది.

సాయంత్రానికి బడి నుంచి ఈమెయిల్ వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ రాసి పంపమన్నారు. అక్క ఆ రాత్రే కూర్చుని రాసేసింది. నాకు చూపించింది. మూడే వాక్యాలు. వ్యాయామం కోసం నిబంధన తప్పి రిజర్వాయర్ దాకా వెళ్ళాను. ఆరోగ్య కారణాలేమీ లేవు. మీరు ఏ చర్య తీసుకున్నా అంగీకరిస్తాను. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కనీసం ఆ రెండో వాక్యమైనా తీసెయ్యమన్నాను. వాళ్ళు అడిగిందే కారణం కదరా, లేదని చెప్పకపోతే ఎలా అంది. ఇరవై రెండేళ్ళుగా ఆ బడే ఆమెకు లోకం. అది పోతే ఆమెకు మిగిలేది మా ఇంట్లో ఓ గది. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా అలాగే పంపేసింది.

తర్వాతి పది రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. నా రెండు వాక్యాలు ఫోను నుంచి ఫోనుకు పాకి ఊరంతా తిరిగాయి. ఎవరో అక్క పేరు బయటపెట్టారు, ఇంకెవరో మా అపార్ట్‌మెంట్ పేరు. పిల్లలకు క్రమశిక్షణ నేర్పే మనిషట అని ఒకరు, ఇలాంటివాళ్ళ వల్లే మా అమ్మ పోయింది అని ఒకరు. పత్రిక సైట్లో కామెంట్లు సరిచూసే పని కూడా నాదే. బూతులుంటే తీసేయాలి, మామూలు తిట్లుంటే ఉంచాలి. మా అక్కను తిట్టే తిట్లలో ఏవి బూతులో ఏవి కావో తేల్చుకుంటూ రోజుకు రెండేసి గంటలు కూర్చున్నాను.

కింద నోటీసు బోర్డుకు ఎవరో ఆ పేజీ ముక్క కత్తిరించి అంటించారు. నా భార్య చింపేసి వచ్చింది. మర్నాటికి ఇంకోటి. సరుకుల కొట్టు ముందు వరసలో అక్క నిలబడితే ముందువాళ్ళూ వెనకవాళ్ళూ గీసిన గళ్ళు వదిలేసి ఇంకో రెండు గళ్ళు దూరం జరిగేవారు. ఆమె తల దించుకోలేదు, ఎత్తలేదు కూడా, సరుకులు తెచ్చుకునేది. కానీ బాల్కనీలో పాఠం మాత్రం ఆమెను విరిచేసింది. ముప్పై రెండు గళ్ళు ఇరవయ్యాయి. తర్వాత పదకొండు. ఓ రోజు నలుగురే ఉన్నారు. పాఠం మధ్యలో వెనక నుంచి ఓ పెద్దాయన చెయ్యి వచ్చి వాళ్ళలో ఒకడి ఫోను ఆపేసింది. ముగ్గురికీ పాఠం పూర్తిచేసి, ఫోను పక్కన పెట్టి, అక్క బాల్కనీలో గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను. చప్పుడు లేకుండా, భుజాలు కూడా కదలకుండా ఏడ్చింది.

నేనిక ఉండబట్టలేకపోయాను. కత్తెర సార్‌కు ఫోను చేసి సంగతంతా చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. ముందే తెలిస్తే ఆ ఫొటో ఆపేసేవాళ్ళం కదయ్యా అన్నాడు. మిగతా ఫొటోల్లోని వాళ్ళందరికీ కూడా ఎవరో ఒక తమ్ముడు ఉంటాడన్న సంగతి ఆయనకు తట్టలేదు. నాకూ అప్పుడు తట్టలేదు. ఓ వివరణ వేద్దాం సార్ అన్నాను.

“వెయ్యి. కానీ కారణం ఉండాలి. ఏ కారణమూ లేకుండా వెళ్ళిందని వివరణ వేస్తే రెండోసారి తిట్టించినట్టే.”

ఫోను పెట్టేసి ఆలోచించాను. మోకాళ్ళని రాస్తే డ్రిల్ టీచరు ఉద్యోగం పోతుంది. గుండె అని రాస్తే అంతకంటే ముందు పోతుంది. మనసైతే ఎవరికీ కనపడదు. ఎవరూ పరీక్షించి చూడరు, అందరికీ జాలి కలుగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. నా భార్య పక్కనే నిలబడి, వదినను అడిగి రాయండి అంది. అడిగితే ఒప్పుకోదు అన్నాను. ఒప్పుకోదని తెలిసినప్పుడు రాయడమెందుకు అంది. ఆ మాటకు చిరాకు పడ్డాను.

మా వృత్తిలో ‘తెలిసింది’ అని ఓ మాట ఉంది. ఎవరు చెప్పారో చెప్పలేనప్పుడు, ఒక్కోసారి ఎవరూ చెప్పనప్పుడు, దాన్ని చివర తగిలిస్తాం. నేను ఇలా రాశాను: ‘ఇటీవల ఈ శీర్షికలో ప్రచురితమైన చిత్రంలోని మహిళ కొంతకాలంగా తీవ్ర మానసిక ఆందోళనకు చికిత్స పొందుతున్నారని, వైద్యుల సలహా మేరకే ఆరుబయట నడకకు వెళ్ళారని తెలిసింది. పాఠకులు గమనించగలరు.’ పాఠకులు గమనించారు. తిట్లు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి.

మర్నాడు కార్యదర్శి గారు మళ్ళీ వచ్చాడు. ఈసారి నాలుగడుగుల దూరం మరిచిపోయి గుమ్మం దాకా వచ్చేశాడు. చేతిలో పేపరు. అక్కకు అప్పటికి ఇంకా తెలియదు, పొద్దున్నే పేపరు చూసే అలవాటు నా పుణ్యమా అని ఆమెకు పోయింది.

“నన్ను క్షమించమ్మా. నువ్వు అంత బాధలో ఉన్నావని తెలియక ఏదో అనేశాను. మా అన్నయ్య పోయినప్పటి నుంచి నాకూ రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదు. ఆ బాధ ఏమిటో నాకు తెలుసు” అన్నాడు. అని, అంత పెద్దమనిషి, గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

అక్క ఆయన చేతిలోని పేపరు తీసుకుని చదివింది. రెండుసార్లు చదివిందనుకుంటాను. ఆమె పెదవులు కదిలాయి. ఇప్పుడు చెప్పేస్తుంది, ఇదంతా అబద్ధమండీ అని చెప్పేస్తుంది అనుకున్నాను. ఆయన ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆమె పేపరు మడిచి ఆయన చేతికిచ్చి, మీరు వెళ్ళి పడుకోండి, ఎండగా ఉంది అంది. అంతే అంది.

ఆయన వెళ్ళాక నాతో గొడవ పడుతుందని ఎదురుచూశాను. పడలేదు. ఆ రోజంతా గది తలుపు తీయలేదు. అన్నం పళ్ళెం నా భార్య పెట్టింది పెట్టినట్టే వెనక్కి తెచ్చింది.

మూడో రోజు ప్రిన్సిపాల్ ఫోను చేసింది. అక్క స్పీకరు పెట్టింది, మేమూ వినాలనేమో. ప్రిన్సిపాల్ గొంతు ఎంతో మెత్తగా ఉంది. మీ ఉత్తరం చదివాం, ఇంత నిజాయితీగా ఎవరు రాస్తారు, ఓ మెమో ఇచ్చి సరిపెట్టేద్దామని కమిటీ అనుకుంది, టైపు కూడా చేయించాం అంది. ఇంతలో మీ ఆరోగ్యం సంగతి పేపర్లో తెలిసింది అంది. తల్లిదండ్రులు అడుగుతున్నారు, చిన్నపిల్లల వ్యవహారం కదా, మీరే అర్థం చేసుకోవాలి అంది. ఓ ఏడాది విశ్రాంతి తీసుకోండి, అంతా నయమైందని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోండి, తర్వాత చూద్దాం అంది.

“నాకే జబ్బూ లేదండీ. ఉత్తరంలో రాశాను కదా” అంది అక్క.

“అలాగే అనిపిస్తుందమ్మా. ఒప్పుకోవడమే కష్టం. మీరు మనసు కష్టపెట్టుకోకండి” అని ప్రిన్సిపాల్ ఫోను పెట్టేసింది.

నేను ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. అక్కే మాట్లాడింది. కోపంగా కాదు, అలసిపోయిన గొంతుతో.

“తప్పు చేశానని రాశావు. అది నిజం, పడ్డాను. ఇంకో నెల పోతే ఊరు మరిచిపోయేది. ఇదేమిట్రా, దీన్ని నేను ఎక్కడ దింపుకోను?”

మళ్ళీ వివరణ వేస్తానక్కా, తప్పు పడిందని రాస్తాను అన్నాను. ఆ గంటలోనే కత్తెర సార్‌కు చెప్పాను కూడా. ఆయన మంచివాడే, చాలాసేపు విన్నాడు. విని, ఆమెకు మనసు బాగానే ఉందని నువ్వు పేపర్లో వేస్తే, చదివినవాడు ఏమనుకుంటాడో నువ్వే చెప్పవయ్యా అన్నాడు. ఆ వారమే ‘గడప దాటిన ఘనులు’ నేను ఇక చేయనని చెప్పేశాను. అది ఇంకొకరికిచ్చారు. అతను నాకంటే బాగా రాస్తాడని పేరు తెచ్చుకున్నాడు.

వేసవి చివరికి నిబంధనలు సడలాయి. బళ్ళు మాత్రం ఇంకా తెరవలేదు. దుకాణాలు తెరిచారు, బస్సులు కదిలాయి. రిజర్వాయర్ కట్ట మీద ఆదివారం పూట ఇసుక వేస్తే రాలనంత మంది అని మా పత్రికలోనే వేశారు, ఫొటోతో సహా, మొహాలన్నీ నవ్వుతూ. అక్క ఇల్లు కదలడం లేదు. గదిలో కూడా నడవడం లేదు. మంచం మీద కూర్చుని కిటికీ చువ్వల మీద దుమ్ము తుడిచేది, తుడిచినవే మళ్ళీ తుడిచేది. నా భార్య ఓ రోజు నన్ను వంటగదిలోకి పిలిచి, మీరు రాసింది నిజమయ్యేట్టుంది, ఆమెను ఎలాగైనా బయటికి తీసుకెళ్ళండి అంది. భయంతో అంది, నా మీద కోపంతో కాదు.

నేను అక్కను బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఇప్పుడెవరూ ఏమీ అనరు, పద, ఇద్దరం కట్ట దాకా వెళ్దాం, నువ్వు నడు, నేను బల్ల మీద కూర్చుంటాను అన్నాను. మొదట వినలేదు. ఓ ఉదయం ఏమనుకుందో లేచి, చెప్పులు వేసుకుంది. ట్రాక్ సూటు తొడుక్కోలేదు. మామూలు బట్టల్లోనే దిగింది. నేను స్కూటర్ తాళం పట్టుకుని వెనకాలే దిగాను. మూడు అంతస్తులు దిగేసరికి ఆమె అడుగులో పాత ఊపు కొంచెం వచ్చినట్టు నాకు అనిపించింది.

గేటు దగ్గర కార్యదర్శి గారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్కను చూడగానే ఆయన మొహం విప్పారింది. లేచి నిలబడ్డాడు. బయటికెళ్తున్నావామ్మా, మంచి పని చేశావు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళను కూడా పిలిచి చెప్పాడు, చూశారా ఎంత తేరుకుందో అని. మొదటి అంతస్తు బాల్కనీలోంచి ఎవరో ఆడవాళ్ళు వంగి చూసి, అయ్యో పాపం, నడవనివ్వండి, గాలి తగిలితే మంచిది అన్నారు. వాళ్ళ గొంతుల్లో ఎంత దయ ఉందో చెప్పలేను.

“మందులు మానేయకు సుమా. ఇప్పుడు కాస్త బాగుందని చాలామంది మధ్యలో ఆపేస్తారు. వేసుకుంటున్నావా?” అని అడిగాడు ఆయన.

అక్క నా వైపు తిరిగి చూసింది. లేదని చెప్పెయ్యి అక్కా, నాకే జబ్బూ లేదండీ అని అరిచి చెప్పు, వీడు రాసిందంతా అబద్ధమని చెప్పు అని నా ప్రాణమంతా కొట్టుకుంది. నా నోరు మాత్రం పెగల్లేదు. ఆయన జవాబు కోసం, ఎంతో ఆపేక్షగా, తల కాస్త వంచి ఎదురుచూస్తున్నాడు.

“వేసుకుంటున్నానండీ. రోజూ వేసుకుంటున్నాను” అంది అక్క.

తడబడకుండా అంది. అంత తేలిగ్గా ఆమె అబద్ధం ఆడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన సంతోషపడి గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. అక్క ఆ తెరిచిన గేటు వైపు కాసేపు చూసి, ఈ పూటకు చాలురా అని, వెనక్కి మళ్ళి మెట్లెక్కింది.